పాతదీ కొత్తదీ పన్నెండో గదీ

శుక్రవారం ఉదయం వెంకటముని వేసుకున్న పథకం చాలా చిన్నది. లాడ్జికి వచ్చిన ప్రతి యాత్రికుడి పేరునూ ముందు పాత ప్రోగ్రాములో ఎక్కించాలి, ఆ తర్వాత కొత్త ప్రోగ్రాములో ఎక్కించాలి. మధ్యాహ్నానికి యజమానురాలు శకుంతలమ్మ చిత్తూరు నుంచి వచ్చేసరికి రెండూ ఒకే కంప్యూటరులో బుద్ధిగా నడుస్తూ కనిపించాలి. ఆవిడ "సరే" అనాలి. అంతకంటే చిన్న కోరిక కోరుకున్న మనిషి ఆ రోజు తిరుపతి మొత్తంలో ఇంకొకడు ఉండి ఉండడు.

శకుంతలా లాడ్జి రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో ఉంది. దానికి మేనేజరు వెంకటముని. అతని పాత ప్రోగ్రాము నల్ల తెర మీద పచ్చటి అక్షరాలతో నడిచేది. పేరు, ఊరు, గది నంబరు తప్ప దానికి వేరే లోకజ్ఞానం లేదు. మౌస్ అంటే ఏమిటో తెలియదు, బొమ్మలంటే గిట్టదు. వెంకటముని స్వభావమూ ఇంచుమించు అదే కాబట్టి ఇద్దరికీ ఏళ్ల తరబడి బాగా కుదిరింది. పాత కంప్యూటరు కిందటి నెలలో పొగ వదిలి కన్నుమూసింది. దాని స్థానంలో కొత్తది వచ్చింది. కొత్త కంప్యూటరుతోపాటు కొత్త ప్రోగ్రామూ, దానితోపాటు శకుంతలమ్మ మేనల్లుడు ధర్మేంద్రా వచ్చారు. ముగ్గురిలోకీ ఎక్కువ వేడెక్కేది ధర్మేంద్రే.

పాత ప్రోగ్రాము తీసేద్దామని ధర్మేంద్ర అన్నాడు. కొత్తది వద్దేవద్దని వెంకటముని అన్నాడు. శకుంతలమ్మ పాత చింతపండూ కొత్త చింతపండూ కలిపి పులుసు పెట్టే మనిషి. "పాతది చెడిపోలే గదా, ఎందుకు పారేసేది? కొత్తది కొనేసినాం గదా, ఎందుకు మూలన పెట్టేది? రెండూ నడవాల. శుక్రవారం వచ్చి చూస్తా. నడస్తా ఉంటే మునీ, ఈ కుర్చీ నీదే. నడవకపోతే కుర్చీ ధర్మాకి, నీకు పాకాల" అని తీర్పు చెప్పింది.

పాకాల అంటే పాకాలలో ఆవిడకున్న రెండో లాడ్జి. రైల్వే జంక్షను కదా, దిగినవాళ్లంతా గది తీసుకుంటారని ఆవిడ భర్త ఆశపడి కట్టించాడు. జనం దిగుతారు, నిజమే. దిగి, టీ తాగి, ఇంకో రైలెక్కి పోతారు. అక్కడి మేనేజరుకు పగలంతా దొరికే సావాసం రైలు కూత ఒక్కటే. వెంకటమునికి హాలు నిండా జనం ఉండాలి. వేణ్ణీళ్ల కోసం ఎవరో ఒకరు పోట్లాడాలి, గోవిందా అనే కేక చెవిన పడాలి. అప్పుడుగాని తిన్నది అరగదు.

అందుకే గురువారం ఉదయం శకుంతలమ్మ ఫోను చేసి "ఏం మునీ, రెండూ కలిసి నడస్తా ఉండాయా?" అని అడిగినప్పుడు అతను క్షణం కూడా తడుముకోలేదు.

"అక్కాచెల్లెళ్ల మాదిరి కలిసిపోయినాయమ్మా!"

ఆ సమయానికి చెల్లెలు, అంటే కొత్తది, తెర నిండా కూర్చుని ఉంది. అక్క ఇలా తలుపు తెరిచి అలా మూసుకుంటోంది. అవతల శకుంతలమ్మ "అంతా స్వామి దయ" అని పెట్టేసింది. అబద్ధం అక్కడితో అయిపోయిందని వెంకటముని అనుకున్నాడు.

సాయంత్రానికి ధర్మేంద్ర ఏవేవో నొక్కి పాతదాన్ని నిలబెట్టాడు. కాకపోతే అది తెరుచుకుంటే తెరంతా నల్లగా ఆక్రమించేది, కొత్తది దాని వెనక్కి పోయేది. రెండు మీటలు కలిపి నొక్కితే ఇది వెనక్కీ అది ముందుకీ వచ్చేవి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. పాతదానిలో నిండిన గది కొత్తదానిలో ఖాళీయే. అందుకే ప్రతి పేరూ రెండుసార్లు ఎక్కించాలి.

కొత్తదానికి ఒక ప్రత్యేకత ఉంది. కౌంటరు మీద నిమ్మకాయంత కెమెరా పెట్టారు. గది తీసుకునేటప్పుడు అది యాత్రికుడి ఫొటో తీస్తుంది. లాడ్జి ఆచారం ప్రకారం కొండకు పోయేవాళ్లు తాళంచెవి కౌంటరులో ఇచ్చి పోతారు. తిరిగొచ్చి అడిగినప్పుడు గది నంబరు కొడితే తెర మీద ఫొటో వస్తుంది. మొహమూ ఫొటో కలిస్తేనే తాళంచెవి.

"ఇంగ మన లాడ్జిలో దొంగ అనేవాడు అడుగు పెట్టలేడు మునన్నా" అన్నాడు ధర్మేంద్ర. అతను చదివింది బెంగళూరులో. ఫొటో తీయించుకునే మనుషులు కొండ మీదికి ఏ పని మీద పోతారో అతనికి ఆ క్షణంలో తట్టలేదు. తిరుపతిలోనే పుట్టి పెరిగిన వెంకటమునికీ తట్టలేదు, అదే వింత.

శుక్రవారం పొద్దున మదనపల్లె బస్సూ కాట్పాడి రైలూ ఒకేసారి వచ్చాయి. కౌంటరు ముందు జనం విరగబడ్డారు. మొదట వచ్చినవాడు మదనపల్లె దగ్గర పల్లెటూరి రైతు గోవిందయ్య. వెంట భార్య నాగులమ్మ, ఒక గోనె సంచీ, ఒక ట్రంకుపెట్టె. వెంకటముని నల్ల తెర తెచ్చుకుని పేరు కొట్టి పన్నెండో గది ఇచ్చాడు. కొత్తదానిలో ఎక్కిద్దామని మీటలు నొక్కేలోపల ధర్మేంద్ర పక్క నుంచి చెయ్యి పెట్టాడు.

"నువ్వు రాసుకుంటా పో మునన్నా. ఫొటోలు తీసి కొత్తదాన్లోకి నేను ఎక్కిస్తా."

"నేను రాసిందంతా నువ్వు ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తా లేప్పా. నేను రాసింది నువ్వు ఎక్కించుకో."

ఎవరికి వారు రెండోవాడు ఎక్కిస్తాడని నమ్మారు. ఆ తొక్కిడిలో ఎవరూ ఎక్కించలేదు. గోవిందయ్య దంపతులు పైకి పోయారు. నాగులమ్మకు కొత్త చోట సామాను కనిపించేలా పెట్టడం ఇష్టం ఉండదు కాబట్టి సంచినీ పెట్టెనూ మంచం కిందికి తోసి, పైన దుప్పటి వేలాడేసింది. తాళం వేసి, తాళంచెవి కౌంటరులో ఇచ్చి ఇద్దరూ అలిపిరి దారి పట్టారు.

కాసేపటికి కాట్పాడి రైలు దిగిన విజయ్ కుమార్ వచ్చాడు. భార్య ప్రసన్నకుమారి, రెండు జడల చిన్న కూతురు ధరణి. ధర్మేంద్ర కొత్త తెర చూశాడు. పన్నెండు ఖాళీ. పైన మేకు వైపు చూశాడు. పన్నెండో తాళంచెవి వేలాడుతోంది. ఫొటో తీసి గది ఇచ్చేశాడు. వాళ్లు పోయి నీలం సూట్‌కేసు మంచం మీద పెట్టి, మంచం కిందికి వంగి చూసే పని లేక, తాళం వేసి వాళ్లూ కొండకు బయలుదేరారు. ఇలాగే ఇంకా ఎన్ని గదులు రెండేసి సంసారాలు మోశాయో ఆ కంప్యూటరుకే తెలియదు. దానిలో ఒక్కో సగానికీ ఒక్కో సంసారమే తెలుసు.

మధ్యాహ్నం అన్నం వేళకు మొదటి గుండు తిరిగి వచ్చింది.

దాని వెనక ఇంకో గుండు. దాని వెనక ఒక కుటుంబం మొత్తం, తాత నుంచి చంకలో బిడ్డ దాకా. అందరి తలల మీదా చందనం, చేతుల్లో లడ్డూ సంచులు. మగవాళ్లకు మీసాలు కూడా లేవు. వెంకటముని కౌంటరు వెనక నుంచి వాళ్లను చూశాడు. తెర మీద ఫొటోలు చూశాడు. ఫొటోల్లో అంతా జుట్టే. నూనె రాసిన జుట్టు, పాపిడి తీసిన జుట్టు, పూలు పెట్టిన జుట్టు.

"ధర్మా," అన్నాడు మెల్లిగా, "మనం ఒకటి మర్చిపోయినామప్పా."

ధర్మేంద్ర ఓడిపోయేవాడు కాదు. "పద్ధతి అంటే పద్ధతే మునన్నా" అని ముందున్నాయన వైపు తిరిగాడు. "ఏ గది?"

"పన్నెండు" అన్నాడు విజయ్ కుమార్.

తెర మీద ఉంగరాల జుట్టు, గుబురు మీసం వచ్చాయి. ఎదురుగా నున్నటి బుర్ర నిలబడి ఉంది. "ఇది మీరు కాదు" అన్నాడు ధర్మేంద్ర.

"నేనే సార్. పొద్దన నువ్వే గదా ఫొటో తీసింది?"

"ఫొటోలో జుట్టు ఉండాది."

"తిరప్తికి వచ్చినోడిని జుట్టు యాడ అని అడిగితే ఏం చెప్పేది సామీ? పైనుండే ఆయన్ని అడుగు పో!"

గోల విని చిన్న ధరణి కౌంటరు మీదికి ఎగబాకి తెర చూసింది. అందులో రెండు జడల పిల్ల నవ్వుతోంది. అంతవరకూ గుండును నిమురుకుంటూ గంతులేసిన పిల్ల "నా జడలు!" అని ఒక్కసారిగా రాగం అందుకుంది. ఆ పిల్లను చూసి చంకల్లో బిడ్డలన్నీ అందుకున్నాయి. హాలు దద్దరిల్లింది.

గదులు చూసే చిన్నబ్బ వయసులో అందరికంటే పెద్దవాడు. అతను భుజం మీది తువ్వాలు తీసి మానిటరు పైభాగాన కప్పాడు. "జుట్టు మూసేసినా. ఇప్పుడు మొగం పట్టి చూడండి సార్." చూశారు. నుదురు దాకా మూసిన ఆ ఫొటో విజయ్ కుమార్‌కూ కుదిరింది, వెనక నిలబడ్డవాడికీ కుదిరింది, పక్కనున్న ముసలాయనకూ కొంచెం కుదిరింది.

అప్పుడే గోవిందయ్య వచ్చి "పన్నెండు తాళంచెవి ఇయ్యప్పా" అన్నాడు. అతనూ గుండే, నాగులమ్మా గుండే.

"పన్నెండు నాది!" అన్నాడు విజయ్ కుమార్.

"నీదెట్లయితాది? నా సామాను ఉండాది ఆడ."

వెంకటముని గబగబా నల్ల తెర తెచ్చాడు. పన్నెండు, గోవిందయ్య. ధర్మేంద్ర మీటలు నొక్కి రంగుల తెర తెచ్చాడు. పన్నెండు, విజయ్ కుమార్. ఇద్దరూ వంతులవారీగా నొక్కడం మొదలెట్టారు. పన్నెండో గది ఒకసారి గోవిందయ్యదీ ఒకసారి విజయ్ కుమార్‌దీ అవుతుంటే జనం మెడలు అటూ ఇటూ తిప్పి చూశారు.

వెంకటమునికి ఒక ఉపాయం తోచింది. తెలివైన ఉపాయమే, అదే దాని దోషం. "గదిలో ఏముండాదో చెప్పండి. ఎవురు చెప్పింది నిజమైతే గది వాళ్లది. చిన్నబ్బా, పోయి చూసి రా."

"మంచం మింద నీలం సూట్‌కేసు" అంది ప్రసన్నకుమారి.

"మంచం కింద గోనె సంచి, శెనక్కాయలు ఉండాయి. ట్రంకుపెట్టె" అంది నాగులమ్మ.

చిన్నబ్బ పోయి వచ్చాడు. ఆయాసపడుతూ "రెండూ ఉండాయి సార్" అన్నాడు.

"అయితే మా గదిలోకి వీళ్లు దూరినారు!" అని రెండు కుటుంబాలూ ఒకే గొంతుతో అరిచాయి. ఎవరో వెనక నుంచి "దొంగ" అన్నారు. దొంగ గుండుతో ఉన్నాడని ఇంకెవరో అన్నారు. హాలులో గుండు లేనివాళ్లు ముగ్గురే, అందులో ఇద్దరు కౌంటరు వెనక ఉన్నారు. ఆ ఆనవాలుతో ఒకరినొకరు పట్టుకోవడం మొదలెట్టారు. ఒక పెద్దాయన తన బావమరిదినే పట్టుకుని చిన్నబ్బకు అప్పగించాడు.

ధర్మేంద్ర కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "అందరూ వరసలో నిలబడండి! మళ్లా ఫొటోలు తీస్తా, గుండుతోనే తీస్తా. అప్పుడు అన్నీ సరిపోతాయి."

ఒకసారి గది ఇచ్చాక ఫొటో మార్చడానికి కొత్త ప్రోగ్రాము ఒప్పుకోలేదు. సరే, కొత్త యాత్రికుడిగా ఎక్కించాడు. కొత్త యాత్రికుడు కాబట్టి అది ఇంకో గది ఇచ్చింది. వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారు, ఉన్న గదులు పోయి లేని గదులు వచ్చాయి. వరసలో సగం మందికి ఫొటోలు తీసేసరికి లాడ్జి మొత్తం నిండిపోయిందని కొత్త ప్రోగ్రాము ప్రకటించింది. ఉలిక్కిపడి పాతదాన్ని తెరిచి చూస్తే అది ఇంకా పై అంతస్తు సగం ఖాళీ అని నింపాదిగా చెబుతోంది.

వరసలో తర్వాత నిలబడ్డది ఒక పెద్దావిడ. నున్నటి గుండు, దాని మీద మందంగా చందనం, ఒంటి మీద పసుపు నూలుచీర.

"ఏ గదిమ్మా?" అన్నాడు ధర్మేంద్ర తలెత్తకుండా.

"అన్నీ" అంది ఆవిడ. కొండ మీద చన్నీళ్ల స్నానానికి గొంతు బొంగురుపోయి ఉంది.

"అన్నీ నీవంటే ఎట్లమ్మా? ఒక నంబరు చెప్పు."

"అన్నీ నావే అబ్బోడా."

"ఎండకి తల తిరిగినట్టుండాది. చిన్నబ్బా, ఈమెకి రోంత మజ్జిగ ఇయ్యి" అని ధర్మేంద్ర ఫొటో తీశాడు. "పేరు?"

"శకుంతలమ్మ."

"మా అత్త పేరూ అదే" అంటూ ఆ పేరు కొట్టాడు ధర్మేంద్ర. "ఆమెకి ఇంత లావు ముడి ఉంటాది, మల్లెపూలు మోయలేక వంగిపోయేంత."

మజ్జిగ గ్లాసు వెంకటమునే తెచ్చి ఇచ్చాడు. ఆవిడ నిదానంగా తాగుతూ హాలంతా పరికించింది. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది అతనికి. "ఏమనుకోవద్దమ్మా, రోంత ఓర్చుకో. మా యజమానమ్మ వచ్చేలోపల ఇది తేలకపోతే నన్ను పాకాలకి తోలేస్తాది. అంతా నా వల్లే. రెండూ బాగా నడస్తా ఉండాయని నిన్న ఫోన్లో ఒక అబద్ధం చెప్పినా."

"ఓహో" అంది ఆవిడ. "నిన్న నడవలేదా?"

"యాడమ్మా! పాతది తెరుచుకోనే లేదు. ఆమెకేం తెలుస్తాది? కారులో వస్తాది, కంప్యూటరుకి బొట్టు ఉండాదా లేదా చూస్తాది, పోతాది."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కొంగు ముడి విప్పి లావుపాటి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది.

"అక్కాచెల్లెళ్ల మాదిరి కలిసి నడవడమంటే ఇదేనా మునీ?"

లోకంలో అతన్ని మునీ అని పిలిచే మనిషి ఒక్కరే. వెంకటముని రెండు చేతులా కౌంటరు పట్టుకున్నాడు. ధర్మేంద్ర తెర మీది గుండునూ ఎదురుగా ఉన్న గుండునూ మార్చి మార్చి చూశాడు. ఆ రోజు మొత్తంలో మొహమూ ఫొటో అచ్చంగా కలిసింది ఆ ఒక్కసారే.

"అత్తా! నీ జుట్టు?"

"కంప్యూటరు కొన్ననాడే మొక్కుకున్నా. ఇంత పెట్టి కొన్నది వృథా పోగూడదు, పాతదీ కొత్తదీ కలిసి నడిస్తే నా జుట్టు ఇచ్చుకుంటానని. నిన్న ముని చెప్పినాడు. స్వామి మాట నిలబెట్టుకున్నాడు గదా, నేను ఆలస్యం చేయకూడదని పొద్దన్నే బస్సెక్కి నేరుగా కొండకి పోయినా." ఆవిడ తన తల మీద చెయ్యి పెట్టుకుంది. "నా పెండ్లిలో గూడా సవరం పెట్టుకోలే. అంత జుట్టు."

చిన్న ధరణి వచ్చి ఆవిడ కొంగు పట్టుకుని "నీ జడ గూడా పోయిందా అవ్వా?" అంది. శకుంతలమ్మ ఆ పిల్లను ఎత్తుకుంది. వెంకటమునికి నిజంగానే ఏడుపు వచ్చింది. పాకాల గుర్తొచ్చి వచ్చిన ఏడుపు కాదు, ఆ ముడి గుర్తొచ్చి. ఎన్నో ఏళ్లుగా శుక్రవారం శుక్రవారం లాడ్జిలోకి ఆవిడకంటే ముందు ఆ మల్లెపూల వాసన వచ్చేది.

శకుంతలమ్మ కన్నీళ్లకు ఆగే మనిషి కాదు. "తాళంచెవులన్నీ ఈ బల్ల మింద పొయ్యి చిన్నబ్బా. ఎవురి గది ఏదో మీకు తెలీదా నాయనా? ఎవురిది వాళ్లు తీసుకోండి" అంది. తీసుకున్నారు. ఒక తాళంచెవికి ఇద్దరు చెయ్యి పెట్టినచోట ఒకరికి పైన ఖాళీగా ఉన్నది ఇప్పించింది. గోవిందయ్య దంపతులకు లాడ్జిలో తను దిగే సొంత గదే తెరిపించింది. నాగులమ్మ సంతోషం పట్టలేక పన్నెండో గది నుంచి తెప్పించిన గోనె సంచిని హాలులోనే విప్పి కౌంటరు మీద శెనక్కాయలు పోసింది. కాసేపట్లో హాలంతా ఖాళీ అయి, శెనక్కాయల పొట్టూ ఇద్దరు నేరస్తులూ మిగిలారు.

"కుర్చీ నాదే గదత్తా?" అన్నాడు ధర్మేంద్ర, ఆశ చావక. "అబద్ధం చెప్పింది మునన్న."

"అబద్ధం చెప్పినోడు వాడు. సొంత అత్తని మొగం చూసి గుర్తుపట్టనోడివి నువ్వు. ఇద్దరూ పోండి పాకాలకి. కంప్యూటరు గూడా ఎత్తుకొని పోండి."

"ఎప్పుడు వచ్చేదమ్మా?" అన్నాడు వెంకటముని.

"నా జుట్టు జడకి అందినప్పుడు."

సోమవారం ఇద్దరూ కంప్యూటరును ఒడిలో పెట్టుకుని పాకాలలో దిగారు. మొదటి రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు తిరుపతి రైలు ఆగి కదిలిపోయాక, ఎవరూ రాని గుమ్మం వైపు చూస్తూ ఒకే టీని ఇద్దరూ పంచుకున్నారు. కెమెరాకు ఎదురుగా ఎవరూ లేక ధర్మేంద్ర వెంకటముని ఫొటోనే నాలుగు తీశాడు. వాళ్ల మధ్య కంప్యూటరులో నల్ల తెరా రంగుల తెరా ఆవిడ ఆజ్ఞ ప్రకారం రెండూ తెరిచే ఉన్నాయి.

శుక్రవారం చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. "ఏం మునీ, రెండూ కలిసి నడస్తా ఉండాయా?"

"ఒక్క తేడా లేదమ్మా" అన్నాడు వెంకటముని. ఈసారి అతను అబద్ధం చెప్పలేదు. గదులన్నీ ఖాళీ అని పాతదీ చెబుతోంది, కొత్తదీ చెబుతోంది.